కూర్చుని ఎగరేసిన పతంగి

మా బాపు నాకు పతంగి ఎగరేయడం కూర్చోబెట్టి నేర్పాడు. హైదరాబాద్ శాలిబండలో అందరూ నిలబడి, కొందరైతే పిట్టగోడ ఎక్కి మరీ ఎగరేసేవాళ్ళు. కూర్చుని ఎగరేసేది నేనొక్కదాన్నే. డెబ్బైల చివర్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి మాట.

బాపు బస్సు డిపోలో మెకానిక్. పెళ్ళికి ముందు ఒక చలికాలంలో, పైన పతంగినే చూస్తూ వెనక్కి నడిచి డాబా మీద నుంచి కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గాని ఎడమ మోచేయి మళ్ళీ పూర్తిగా చాచలేకపోయాడు. ఆ తర్వాత పతంగి ఎగరేయనూ లేదు. చొక్కా తొడుక్కోవాలన్నా అమ్మ సాయం పట్టాల్సిందే. అందుకే నాకూ పతంగి కావాలనగానే అమ్మ ఇంతెత్తున లేచింది. నేను అన్నం మానేశాను. చివరికి ఒప్పుకుంది గాని షరతు పెట్టింది.

"ఇద్దరిల ఎవరన్న అంచుకు పోయినట్టు నా కండ్ల పడితే పతంగులన్ని పొయ్యిల పెడత. మల్ల నన్ను అడగొద్దు."

అమ్మ అన్నదంటే చేసి తీరుతుంది. నా భయమంతా ఆ పొయ్యి గురించే.

బాపు ధూల్‌పేట్ నుంచి పతంగులు తెచ్చాడు గాని వెంటనే చేతికివ్వలేదు. ముందు గాలిని చూడమన్నాడు. కర్రకు పాత చీర పేలిక కట్టి డాబా మధ్యలో నిలబెట్టాడు. పేలిక నింపాదిగా ఒకే దిక్కుకు ఊగుతుంటే ఎగరేయొచ్చు. ఒకసారి పటపటా కొట్టుకుని, మరుక్షణం వేలాడిపోతే ఆ రోజు వద్దు. మా వెనక మూడంతస్తుల ఇల్లొకటి ఉండేది. గాలి దాని మీదుగా వచ్చిందంటే మా డాబా మీద సుడి తిరిగేది. అప్పుడు పతంగి లేచినట్టే లేచి తలకిందులుగా దిగేది. మబ్బు పట్టి గాలి ఉన్నట్టుండి చల్లబడితే మాట్లాడకుండా గాజుపొడి పూసిన మాంజా దారం చుట్టేయాలి. నాకసలే ఓపిక తక్కువ. ఇదంతా బడి పాఠం కన్నా విసుగ్గా ఉండేది.

"గాలి జోరుగుంటె మనల్ని ముందుకు గుంజుతది. గాలి పడిపోతె దారం గుంజెటందుకు మనమే ఎనకకు నడుస్తం. ఎటు వోయినా అంచే. కూసుంటె ఏ ఫికర్ లేదు," అనేవాడు బాపు.

అట్లా గోనెసంచి పరుచుకుని కూర్చునేదాన్ని. బాపు పక్కనే కూర్చుని దారం చరక్ పట్టుకునేవాడు. పక్క డాబా మీద దర్జీ పని చేసే చాచా ఒకాయన ఉండేవాడు. నన్ను చూస్తే చాలు, మొదలుపెట్టేవాడు.

"ఏం బిడ్డా, దస్తర్‌ఖాన్ పరవమంటవా? బిర్యానీ గిట్ల తెప్పియ్యాల్నా?"

నాకు ఒళ్ళు మండేది. ఎట్లాగైనా ఆయన పతంగి తెంపాలని పట్టుదల పట్టాను.

ఒక ఆదివారం పేలిక బుద్ధిగా ఊగుతోంది. నా పతంగికీ చాచా పతంగికీ పేంచ్ పడింది. రెండు మాంజాలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. ఇంతలో గాలి పడిపోయింది. నా పతంగి కిందికి జారిపోతుంటే కూర్చున్నచోటే గబగబా మాంజా లాగుతున్నాను.

"లాగు బిడ్డా, లాగు! ఇడువకు!"

బాపు గొంతు పక్క నుంచి కాదు, వెనక నుంచి వినిపించింది. తిరిగి చూస్తే ఆయన చరక్ కింద వదిలేసి లేచి నిలబడ్డాడు. తల పైకెత్తి, మాంజా తన చేతుల్లోనే ఉన్నట్టు ఉత్త చేతులు ఆడిస్తూ వెనక్కి నడుస్తున్నాడు. ఆయన వెనకున్న పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు.

మాంజా వదిలేసి ఉరికాను. ఆయన చొక్కా పట్టుకుని బలంకొద్దీ గుంజాను. ఇద్దరం డాబా మీద పడ్డాం. నా పతంగి ఎటో కొట్టుకుపోయింది. చాచా గెలిచిన కేక మొదలుపెట్టి, మమ్మల్ని చూసి సగంలోనే ఆపేశాడు.

"బుద్ధున్నదా బాపూ నీకు? నాకు చెప్పి నువ్వు చేసేది గిదా?" అని అరిచాను. ఆయన్ని అంత మాట ఎప్పుడూ అనలేదు. కోపం కన్నా భయం ఎక్కువైంది. ఏడుపు ఆగలేదు. బాపు వెనక్కి తిరిగి పిట్టగోడ వంక చూశాడు.

తల తిప్పితే మెట్ల దగ్గర అమ్మ. అంతా చూసింది. నేరుగా వచ్చి మిగిలిన పతంగులు ఎత్తుకుంది. ఇక పొయ్యిలోకే అనుకున్నాను.

అమ్మ వాటిలో ఒకటి తీసి బాపు చేతిలో పెట్టింది.

"కూసో. ఇయ్యాల నువ్వే ఎగరెయ్యి. ఇన్నేండ్ల సంది ఆశ మనసుల పెట్టుకుంటె గిట్లనే అయితది."

బాపు గోనెసంచి మీద కూర్చున్నాడు. పేలిక మళ్ళీ నింపాదిగా ఊగుతోంది. నేను కన్నీళ్ళు తుడుచుకుని పతంగిని పైకెత్తి వదిలాను. అమ్మ ఆయనకూ పిట్టగోడకూ మధ్య చతికిలబడి, ఆయన చొక్కా కొసను గుప్పిట్లో బిగించింది. పతంగి దింపేదాకా వదల్లేదు.