పురుగుల తాత పరువు

తెల్లారగానే కబేళాకు వెళ్లి, పందుల పేగులు చీల్చి, జానెడేసి ఏలికపాముల్ని గోరువెచ్చని ఉప్పునీళ్ల ఫ్లాస్కులో వేసుకుని మందుల కాలేజీ ల్యాబుకు ప్రయోగాల కోసం తేవడం ఆయన ఉద్యోగం. మూత తీయగానే ఆ కంపుకి కొత్త విద్యార్థులు ముక్కు మూసుకుని వరండాలోకి పరిగెత్తేవారు. "ఏం బాబూ, పొద్దున తిన్నది బయటికొస్తోందా?" అని వెక్కిరించడం, ఇంటికొచ్చి ఆ ముచ్చటంతా అన్నాల దగ్గర అభినయించడం ఆయనకు సరదా. ఇంట్లో ఆయన పేరు పురుగుల తాత.

"పాము కండ చీల్చి దారంతో వేలాడదీస్తామా, జిగటజిగటగా మెలికలు తిరుగుతుంది. రెండు చుక్కలు మందు పడిందో, చచ్చుబడి తడిగుడ్డే!" అన్నాడో రోజు. భార్య కంచం పట్టుకుని వంటింట్లోకి పోయింది. మనవరాలు మాత్రం నోరు తెరుచుకుని వింది.

ఆ వారమే పిల్లకు కడుపునొప్పి. ఏలికపాములన్నాడు డాక్టరు. రెండు రోజులు సిరప్ తాగాలి, ముదిరి పేగుకు అడ్డుపడితే కోత తప్పదన్నాడు. సీసా చూసి తాత, "ఇది మా ల్యాబులో వాడే మందే!" అని మురిసిపోయాడు.

అంతే, పిల్ల పళ్లు బిగించేసింది. "నేను తాగను. నేనూ తడిగుడ్డనైపోతా."

"తిండి దగ్గర ఆ రోత కబుర్లొద్దంటే విన్నావా నాన్నా? ఇప్పుడు నువ్వే తాగించు," అంది కూతురు.

తాత పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. "చూడు తల్లీ, 'ఇక చాలు, ఆగు' అని చెప్పే మీటలు పాముకి కండ మీదే ఉంటాయి. మందు వాటిని నొక్కుతుంది. మన కండల మీద అవి లేవు. మెదడులో, వెన్నులో ఉన్నాయి గానీ వేరే రకం. ఈ మందు అక్కడిదాకా పోవడమే కష్టం, పోయినా సరిగ్గా పట్టదు."

"పాము చస్తుందా?"

"చావదు. పట్టు సడలి జారి వచ్చేస్తుంది."

"బతికే? ఛీ! అయితే నువ్వే తియ్యాలి."

"ఓస్, అంతేనా!"

పిల్ల కళ్లు మూసుకుని గటగటా తాగేసింది.

మర్నాడు స్నానాలగదిలోంచి పిల్ల కేక. తాత పట్టకారుతో దర్జాగా వెళ్లాడు. పిల్ల దొడ్డికి కూర్చునే ప్లాస్టిక్ గిన్నెలో, పాలిపోయిన గులాబీ రంగులో, కొస మాత్రం సన్నగా కదుపుతూ పడుంది. రోజూ చూసే పామే, అదే జిగురు. కానీ పంది కడుపులోది కాదు. నిన్నటిదాకా తన కంచంలో చెయ్యిపెట్టి తిన్న పిల్ల కడుపులోది. పట్టకారు జారిపోయింది. గోడ పట్టుకుని భళ్లున కక్కుకున్నాడు.

పిల్ల వీపు రాస్తూ అడిగింది: "ఏం బాబూ, పొద్దున తిన్నది బయటికొస్తోందా?"

రెండో మోతాదు పిల్ల తనే అడిగి తాగింది. చెంచా పట్టింది అమ్మమ్మ. తాత ఆ పూట మంచం దిగలేదు, అన్నమూ ముట్టలేదు.