వీరన్న సంచిలో ఆరు బోల్టులు

మా పక్కింటి వీరన్నను కుర్చీలో కూర్చోబెట్టడం దేవుడి వల్ల కూడా కాదు. టీ ఇస్తే నిలబడే తాగుతాడు. పెళ్లికి పిలిస్తే వంటవాళ్ల గ్యాసు పొయ్యి బాగుచేస్తూ కనబడతాడు. జహీరాబాద్‌లో మేమిద్దరం ఒకే కార్ఖానాలో ముప్పై ఏళ్లు పనిచేశాం. ఆయన ఫిట్టరు, నేను తనిఖీ విభాగం. ఆయన బిగించింది నేను లాగి చూడాలి, అదీ మా సంబంధం. రిటైరయ్యాక నేను మా సొంతూరు భీమవరం వెళ్లిపోతానని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఎందుకో వెళ్లలేదు.

రిటైరైన మూడో రోజుకే వీరన్న కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. వాళ్లింట్లో కుళాయిలన్నీ విప్పి మళ్లీ బిగించాడు. ఆ తర్వాత మా ఇంటి మీద పడ్డాడు. మా ఆవిడ కృష్ణవేణి రెండు చేతులూ జోడించి, "అన్నయ్యగారూ, మావి బాగానే ఉన్నాయండీ" అన్నాక గానీ స్పానరు కింద పెట్టలేదు.

అలాంటి సమయంలో మల్లికార్జున్ దొరికాడు. ఝరాసంగం మనిషి, నలభై ఏళ్లుంటాయి. అడవి పందులను కాల్చడానికి అటవీ శాఖ అనుమతి ఉన్నవాడు. పందులు ఆలుగడ్డ చేలల్లో పడి తవ్వేస్తుంటే రైతులు అతన్ని పిలుస్తారు. అతను చెట్టు మీద మంచె వేసుకుని కాపు కాస్తాడు. ఒకసారి కర్ర నిచ్చెన విరిగి నడుం పట్టేసి, "చెట్టెక్కేటందుకు ఏదన్న గట్టి ఉపాయం జెప్పు కాకా" అని వీరన్న దగ్గరికొచ్చాడు. ఇక చూడాలి మావాడి హుషారు!

చెట్టు మానుకు మెట్లలా గుచ్చడానికి పదిహేను రోజులు బజారంతా తిరిగి బోల్టులు ఏరాడు. బొటనవేలంత లావు, జానెడు కన్నా కొంచెం తక్కువ పొడవు. ప్రతిదాని తల మీదా దాని గట్టిదనం చెప్పే నంబరు వెతికేవాడు. "గిది జూడున్రి సారూ, ఎనిమిది పాయింట్ ఎనిమిది. నంబరు లేని బోల్టు ఎప్పుడు ఏం జేస్తదో దాన్ని జేసినోనికి గూడ ఎర్కుండదు" అని నా ముక్కు దగ్గర పెట్టేవాడు. పచ్చి చెట్టుకే పెట్టాలి, ఎండిన కొమ్మ జోలికి పోకూడదు. బొక్క లోపలి వైపుకి కాస్త కిందికి వాలేలా డ్రిల్లు వేయాలి. అప్పుడు మనిషి బరువుకి బోల్టు బయటికి జారదు, ఇంకా లోపలికి కూర్చుంటుంది. మూడొంతుల్లో రెండొంతులు చెట్టులో, ఒక వంతు కాలికి. తల ఉంటుంది కాబట్టి చెప్పు పక్కకి జారదు.

బిగించడం లేదు, మర తిప్పడం లేదు. చేత్తో తోస్తే వెళ్లాలి, చేత్తో తిప్పి లాగితే రావాలి. ఎందుకంటే ఆయన పెట్టుకున్న పెద్ద నియమం ఒకటుంది. దిగేటప్పుడు కింది ఆరు బోల్టులూ తీసి సంచిలో వేసుకుని వచ్చేయాలి. లేకపోతే మేకలు కాసే పిల్లలు సరదాకి ఎక్కుతారు. ఝరాసంగం నుంచి రాయికోడ్ దాకా పద్నాలుగు చెట్లకు బొక్కలు వేశాడు, ఏ ఒక్క చెట్టుకీ కింది ఆరూ వదిలి రాలేదు. ఆ అలవాటు ఆయన చేతుల్లోకి ఎక్కేసింది.

ఎక్కేవాళ్లకు మరో పాఠం చెప్పేవాడు. "కాలికి బోల్టు తగలాలె. తగిలినంక జర ఒత్తి జూడాలె. అప్పుడే బరువెయ్యాలె. ఉన్నదిలే అని గాలిల కాలు వెడితే గంతే సంగతులు."

పోయిన డిసెంబరులో నాగవ్వ అనే రైతు ఆలుగడ్డ చేని గట్టు మీద వేపచెట్టుకు కొత్తగా బోల్టులు పెట్టాడు. కొత్త చెట్టుకు మొదటి రోజు తనూ ఎక్కి కూర్చోవాలన్నది ఇంకో నియమం. సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ మంచె ఎక్కారు. మోత రాకూడదని ఫోన్లు రెండూ కిందే, చెట్టు మొదట్లో తగిలించిన వీరన్న సంచిలో వేశారు. మల్లికార్జున్ చేను వైపు తిరిగి బొమ్మలా కూర్చున్నాడు. వీరన్న పది నిమిషాలు కూర్చున్నాడు. అది ఆయన జీవితంలో రికార్డు.

పదకొండో నిమిషంలో బుర్రలో పురుగు తొలిచింది. నిన్న కోహీర్‌లో మామిడిచెట్టుకు పెట్టిన ఏడో బోల్టు మీద నంబరు చూశానా, లేదా? చూసినట్టే ఉంది, చూడనట్టూ ఉంది. రేపు పొద్దున ఎవరైనా ఎక్కితే?

"నేను జర కోహీర్ వోయొస్త" అని గొణిగాడు.

మల్లికార్జున్ వెనక్కి తిరగలేదు. "పో కాకా. నువ్వుంటే పందులే గాదు, పిట్టలు గూడ రావు" అన్నాడు మెల్లగా.

వీరన్న దిగాడు. సంచి తీసుకున్నాడు. రోడ్డు మీద పెట్టిన బండెక్కి జహీరాబాద్ మీదుగా కోహీర్ వెళ్లాడు. బండి సీటు మీద నిలబడి చూస్తే ఆ బోల్టు మీద నంబరు నిక్షేపంలా ఉంది. ఆరున్నరకు తిరిగొచ్చి మా వాకిట్లో నిలబడి, కృష్ణవేణి ఇచ్చిన టీ తాగుతూ, "దిల్ తేలికైంది సారూ" అన్నాడు. నిజంగానే ఆయన మొహం వెలిగిపోతోంది.

అప్పుడు ఆయన భుజాన సంచిలోంచి ఫోను మోగింది. ఆయన ఫోను మోత నాకు తెలుసు, అది కాదు. సంచిలో చెయ్యి పెట్టి తీశాడు. మల్లికార్జున్ ఫోను. అతని భార్య సుమిత్ర చేస్తోంది.

"కాకా, నువ్వెత్తినవేంది? ఆయన దిగిండా?"

వీరన్న సంచిలోకి చూశాడు. నేనూ చూశాను. అడుగున బోల్టులున్నాయి. ఆరు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

"దిగుతుండు బిడ్డా" అని ఫోను పెట్టేశాడు. గ్లాసు చేతిలోంచి జారింది. "సారూ, నేను మెట్లు గుంజుకొచ్చిన. మనిషి పైన్నే ఉండు."

బండి నేను నడుపుతానన్నా వినలేదు, వెనక ఎక్కాను. ఒళ్లు మండిపోతోంది నాకు. ముప్పై ఏళ్లలో ఈయన పని ఒక్కటీ వెనక్కి పంపలేదు నేను. బాగున్న బోల్టును చూడటానికి అంతదూరం పరుగెత్తినవాడు, కూర్చున్న మనిషి కిందినుంచి ఆరు బోల్టులు లాక్కొస్తాడా? తిడదామని నోరు తెరిచాను. ముందునుంచి ఆయన గొణుగుడు వినబడింది.

"చీకట్ల దిగుతడు సారూ. కింద అన్నీ రాళ్లే. నా బోల్టు అని నమ్మి కాలు వెడతడు."

దారంతా అదే మాట. తిట్టలేకపోయాను.

గట్టు చేరేసరికి చీకటి బాగా చిక్కబడింది. టార్చి ముందు నేల మీద వేశాను. పైకి వేసే ధైర్యం లేదు. రాళ్లు. రాళ్ల పక్కన తాడుకి కట్టిన తుపాకి. మనిషి లేడు.

"మల్లికార్జున్!" అని వీరన్న అరిచిన అరుపు నేను ఇంతకు ముందెప్పుడూ వినలేదు.

"ఒర్రకు కాకా. ఈడనే ఉన్న" అంది పైనుంచి గొంతు.

వీరన్న ఆ రాళ్ల మీదే కూలబడ్డాడు. ఆయన కూర్చోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

"గుండ్లు తీసి తుపాకి దించిన. దిగుతున్న. కాలు వెడితే బోల్టు తగలలే. నువ్వు జెప్పినట్టే బరువెయ్యలే. మళ్ల ఎక్కి గూసున్న" అన్నాడు మల్లికార్జున్. "పందులొచ్చినయ్. తుపాకి పక్కనుంచే పోయి కడుపునిండ తిన్నయ్. నాగవ్వకు ఏం జెప్పుకుంటవో చెప్పుకో" అన్నాడు.

వీరన్న లేచి బోల్టు తీశాడు. తొందరలో అది బొక్కలోకి పోవడం లేదు. రెండుసార్లు కింద పడింది. నేనే తీసుకుని తోశాను. ఆయన టార్చి పట్టుకుని, ఒక్కొక్కటీ లాగి చూశాడు.

"సుమిత్ర ఫోన్ జేసిందా?" అని అడిగాడు మల్లికార్జున్.

"చేసింది."

"ఏం జెప్పినవ్?"

"దిగుతున్నవని."

పైన నవ్వు వినబడింది. "అయితే జల్ది వెట్టున్రి కాకా. నువ్వు జెప్పింది అబద్ధం గావద్దు."

వీరన్న తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. నేను బోల్టుల వైపే చూస్తూ నిలబడ్డాను.

అతను దిగడం మొదలుపెట్టాడు. ప్రతి బోల్టు దగ్గరా పాదం వెతికింది, తగిలింది, ఒత్తి చూసింది, అప్పుడే బరువు వేసింది. చివరి బోల్టు మోకాలెత్తులో ఉంది, అది ఊడినా ఎవరికీ ఏమీ కాదు. అయినా అతని పాదం దాని మీద పడి నేల మీదికి దిగేదాకా, వీరన్న ఆ బోల్టును రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.