మొదటి పేజీ సిస్టర్

మా మేనత్త పోయిన బుధవారం కోరుట్లలో చనిపోయింది. ఆ సమయానికి నేను జగిత్యాలలో, మా డిగ్రీ కాలేజీ లైబ్రరీలో కూర్చుని నిఘంటువు తిరగేస్తున్నాను. నాన్న సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి, "బిడ్డా, అత్తమ్మ పోయింది" అన్నాడు. ఆయన వెనక మరమగ్గాల చప్పుడు వినపడలేదు. పండగ పూట కూడా మధ్యాహ్నం దాకా షెడ్డు నడిపే మనిషి ఆ మగ్గాలు, మా సాంచాలు, ఆపేశాడంటే, ఆ వార్త నిజమేనని అప్పుడు నమ్మాను.

ఆమె నర్సు. ఆదివారాలు బస్సెక్కి కోరుట్ల నుంచి మా ఇంటికి వచ్చేది. వచ్చీ రాగానే చెప్పులు విడవకముందే మా అందరి గోళ్ళు చూసేది. నేను తమ్ముడి కూతురిని కాబట్టి నన్ను "కోడలా" అని పిలిచేది. నేను హోంవర్కు రాస్తుంటే పక్కన కూర్చునేది. ఒకసారి నేను తప్పు రాసి రబ్బరుతో గట్టిగా రుద్దితే కాగితం చిరిగింది.

"గట్ల రుద్దుతవేందే కోడలా? ఒక్క గీత కొట్టు, పక్కన మంచిగ రాయి."

"అట్లైతే తప్పు కనపడ్తది కదా అత్తమ్మా!"

"కనవడాలె. మా కేస్ షీట్ల కూడ గంతే. ఒకటే గీత కొట్టాలె, కింద రాసింది కనవడాలె, పక్కన సంతకం వెట్టాలె."

అది ఆస్పత్రి నియమమని అనుకున్నాను. అది ఆమెకు ఎంత పనిపెట్టిందో తర్వాత తెలిసింది.

అప్పుడామె కోరుట్లలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేసేది. మేడిపల్లి దగ్గరి నుంచి బీడీలు చుట్టే ఒకామె కాలికి పుండుతో, జ్వరంతో వచ్చి చేరింది. ఫలానా ఇంజక్షన్ తనకు పడదని, ఒకసారి చేయించుకుంటే ఊపిరాడలేదని చేరేటప్పుడే చెప్పింది. అత్తమ్మ ఆ మాటను కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసింది. మధ్యాహ్నం డాక్టరు గారు నాలుగో పేజీలో మందులు రాశారు. కంపెనీ పేరు వేరు, లోపలి మందు అదే. ఆయన మొదటి పేజీ తిప్పలేదు. వార్డు నిండా జ్వరాల వాళ్ళు. అత్తమ్మ కూడా తిప్పలేదు. ఇంజక్షన్ ఇచ్చింది.

అంబులెన్సులో కరీంనగర్ తీసుకెళ్ళాక ఆ తల్లి బతికింది. కానీ ఊపిరాడని ఆ కాసేపట్లో చేతులకు పట్టుకున్న వణుకు పోలేదు. మళ్ళీ బీడీ చుట్టలేకపోయింది.

ఆ సాయంత్రం డాక్టరు గారు అత్తమ్మను తన గదికి పిలిచి, ఆ ఎర్ర సిరా మాట లేకుండా మొదటి పేజీ కొత్తది రాద్దామన్నారట. "మీకూ ఇబ్బంది, నాకూ ఇబ్బంది సిస్టర్" అన్నారట. అత్తమ్మ ఆ మాటలు మాకు చెబుతూ ఆయన్ను ఒక్క చెడ్డ మాట కూడా అనలేదు. "భయపడ్డడు పాపం. నేను భయపడలేదా?" అన్నది. ఆమె పేజీ మార్చలేదు. వార్డుకు వెళ్ళి, చివరి పేజీలో జరిగింది రాసి, టైము వేసి, సంతకం పెట్టింది. ఎప్పుడూ ఇంగ్లీషులో రాసే మనిషి ఆ రోజు తెలుగులో రాసింది, ఇంటివాళ్ళు చదువుకోవాలని.

మర్నాటి నుంచి డ్యూటీకి రావద్దన్నారు. చాలా నెలలు ఎవరూ పనిలోకి తీసుకోలేదు. మా షెడ్డుకు వచ్చి మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. చూసినవాళ్ళు ఊరుకుంటారా? "కత్తి తెచ్చి డాక్టరు చేతికిచ్చి, మెడ నువ్వే చాపినవ్ గదనే" అని ఒకామె ఎత్తిపొడిచింది. మామయ్య మాత్రం నవ్వుతూ, "ఈమె చేతిరాత మంచిగుండుడే తప్పయింది. డాక్టర్ల లెక్క గెలికితే ఎవలకు సమజైతుండె?" అనేవాడు. అత్తమ్మ ఆయన మీదికి ఖాళీ కండె విసిరేది.

ఆ కేస్ షీటు పట్టుకుని మేడిపల్లి వాళ్ళు వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళారు. అత్తమ్మ సాక్ష్యం చెప్పిన రోజు నేను పదో తరగతి. నాన్నతో వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆస్పత్రి తరఫు వకీలు, "ఉద్యోగం పోయిన కోపంతో చెప్తున్నారా?" అని అడిగాడు.

"కోపముంటే నా పేరు నేనెందుకు రాసుకుంట సారూ?"

ఎవరో నవ్వారు. వకీలు చివరి పేజీ తీశాడు. అందులో "పొరపాటున" అనే మాట మీద ఒక్క గీత కొట్టి, పక్కన "మొదటి పేజీ చూడకుండా" అని రాసి ఉంది.

"ఈ కొట్టివేత ఏమిటి? తర్వాత మార్చారా?"

"అప్పుడే కొట్టిన. పక్కన సంతకం ఉన్నది, చూడున్రి. పొరపాటున అంటే దానంతట అదే అయినట్టుంటది సారూ. అది అయింది కాదు. నేను చూడలె."

ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడానికి ఇంత ధైర్యం కావాలని నాకప్పటిదాకా తెలియదు. నేను మాటల వెంట పడింది ఆ రోజు నుంచే.

మందు రాసే ముందు రోగి చెప్పింది చదవడం డాక్టరు బాధ్యత అనీ, సిబ్బంది చేసిన తప్పుకు ఆస్పత్రి కూడా జవాబుదారీ అనీ తీర్పు వచ్చింది. అందులో అత్తమ్మ నిర్లక్ష్యం గురించి కూడా రాశారు. ఆమె ఆ వాక్యాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది. "సరిగ్గనే రాసిన్రు" అన్నది.

తర్వాత ఒక చిన్న ఆస్పత్రి ఆమెను తీసుకుంది. అక్కడ మొదటి పేజీ పైకి చదవకుండా ఏ సిస్టర్‌నూ సూది ముట్టనిచ్చేది కాదు. "చేతులతోని చేసే పని, తప్పు పడ్తది. దాస్తే రెండోది పడ్తది" అని కొత్త పిల్లలకు చెప్పేది. వాళ్ళే ఆమెకు "మొదటి పేజీ సిస్టర్" అని పేరు పెట్టారు. మొదట వెక్కిరింపుగానే పెట్టారు.

ఒక్కటి మాత్రం ఆమెకు దక్కలేదు. తీర్పుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మేడిపల్లి వెళ్ళింది. ఆ తల్లి రెండుసార్లూ మొహం తిప్పుకుంది. నాకు కోపం వచ్చింది. "నువ్వు చెప్పబట్టే కదా వాళ్ళకు న్యాయం జరిగింది" అన్నాను.

"మాట్లాడకపోతే మాట్లాడకపోనియ్యి కోడలా. వణికేటి చేతులు ఆమెయి. నాయి కావు."

బుధవారం మేము కోరుట్ల చేరేసరికి వాకిట్లో ఆమె దగ్గర పనిచేసిన సిస్టర్లు తెల్ల చీరల్లో నిలబడి ఉన్నారు. అత్తమ్మకు స్నానం చేయించి, పసుపు రాశారు. ముత్తయిదువలు ఒక్కొక్కరే వచ్చి బొట్టు పెడుతున్నారు. అప్పుడు ఒకామె కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. మామయ్య ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

మేడిపల్లి ఆమె అత్తమ్మ తల దగ్గర కూర్చుంది. కుంకుమ భరిణె తీసుకుంది. చేతులు వణుకుతున్నాయి. కొడుకు సాయం పట్టబోతే మోచేత్తో తోసేసింది. "సిస్టరమ్మా" అంది, అంతే. బొట్టు పెట్టింది. అది నొసటి మధ్య నుంచి జారి, ఎడమ కనుబొమ్మ దాకా గీతలా సాగింది.

మా పెద్దమ్మ కొంగు తీసి తుడవబోయింది.

"తుడవకు వదినే, ఉండనియ్యి" అన్నాడు నాన్న.

ఆ ఎర్రటి గీతతోనే అత్తమ్మను తీసుకెళ్ళారు.