నిలవని బటన్

షుగరుతోటి మా పెద్దక్క చూపు పోయినంక ఆమెను ఖిలా వరంగల్‌ల మా ఇంటికి తెచ్చుకున్న. ఆమెను మేం ఆపా అనే పిలుస్తం. ఆపాతోటి ఒక పాత రేడియో వచ్చింది. ముందర వరుసగా లావు బటన్లుంటయి. చేత్తో తడుముకుంట రెండోది ఒత్తితే స్టేషన్ పలికేది. వార్తలొస్తే పొద్దెక్కిందని, పాటలొస్తే అన్నం యాళ్లయిందని ఆమెకు ఎరుక.

మొన్న వానకాలం ఆ బటన్ చెడింది. ఒత్తితే గరగర, వదిలితే పైకి లేస్తది. ఫోన్‌ల రేడియో పెట్టిచ్చిన. నున్నటి తెర మీద వేలు యాడ పెట్టాల్నో ఆమెకు తెలుస్తలేదు. ఫోన్ పక్కకు పెట్టి గోడ దిక్కు తిరిగి పండుకుంది. తిండి తగ్గింది. సరిగ తినకుండ ఇన్సులిన్ ఇస్తే పాణం మీదికొస్తదని దవాఖానల డాక్టరు నన్ను కోప్పడ్డడు.

నేను మోటర్లు చుట్టెటోన్ని, రేడియో ఎన్నడు విప్పలేదు. భయపడుకుంటనే విప్పిన. లోపల నల్లబడ్డ రేకులను స్పిరిట్‌తోటి తుడిస్తే గరగర పోయింది. కని, ఒత్తిన బటన్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కెం పగిలి ఉంది. అతికించబోతే రెండు ముక్కలైంది. అయిందా అని ఆపా మంచం మీదికెల్లి అడిగింది. అయితాందన్న.

హనుమకొండల దుకాణాలన్ని తిరిగిన. అసొంటి స్విచ్చులు ఇప్పుడు రావన్నరు. కొత్త రేడియోలు చూస్తే అన్నిటికి సన్నటి బటన్లే, ఆపా వేలికి దొరకయి. పరకాలల ఒక పాత మెకానిక్ ఉంటడని ఎవరో చెప్తే బస్సెక్కిన. ఆయన చచ్చిపోయిండట. ఆయన భార్య వెనుక అర్ర తీసి వెతుక్కొమ్మన్నది. కప్పు కురిసి రేడియోలన్ని తుప్పు పట్టినయి. ఒక్కదాంట్ల అదే కొక్కెం దొరికింది. ఊడదీస్తాంటె చేతులనే పొడి పొడి అయింది. బస్టాండుల కూసుంటె ఏడుపాగలేదు.

ఇంటికచ్చి ఆపాకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె మంచం మీద లేచి కూసున్నది.

"వేలితోటి ఒత్తి పట్టుకుంటె పలుకుతదా?" అన్నది.

"పలుకుతది ఆపా. వదిలితే ఆగుతది."

"ఇటు తే మరి."

తెచ్చి ఒళ్లె పెట్టిన. ఎడమ చేత్తో బటన్ ఒత్తి పట్టుకొని, కుడి చేత్తో నాలుగు బుక్కలు తిన్నది. అన్ని దినాలల్ల తనంతట తాను తిన్న తిండి అదే.

దారంతోటి కట్టి చూసిన, జారుతాంది. ఇప్పటికీ ఆపా వేలు నొస్తే మా ఇంటామె పోయి బటన్ పట్టుకుంటది. యాడన్న పాత రేడియో ఉందని వింటే నేను ఉరుకుతాన్న. దొరుకుతదన్న ఆశ మాత్రం లేదు.