ఊపిరి తియ్యి మావా

నూకాలమ్మ నోరంటే కలిదిండి సంతంతా హడలు. ఆవిడ చేపల గంప దించిందంటే బేరమాడ్డానికి మొనగాళ్ళే జంకేవారు. అంతటి మనిషీ ఎదుటివాళ్ళ నొప్పి మాత్రం చూడలేకపోయేది. పిల్లల కాళ్ళలో ముల్లు గుచ్చుకుంటే తీసేది మొగుడు సూర్రావే. ఆవిడ మొహం తిప్పుకుని ఏడుస్తూ కూర్చునేది.

పొద్దస్తమానం కొల్లేటి నీళ్ళలో నిలబడేవాళ్ళకు కీళ్ళు పట్టెయ్యడం మామూలే. అందుకని ఆ గుడిసెల్లో చూరుకింద గుడ్డలో చుట్టిన నల్లమందు ఉండనే ఉండేది. కాస్త మింగి పనిలోకి దిగేవాళ్ళు. సర్కారు కట్టడి చేశాక దాపరికం పెరిగిందే గానీ వాడకం ఆగలేదు.

ఓ ఉదయం తాటిదోనెను గట్టుకు లాగుతుంటే అది జారి సూర్రావు కాలిమీద పడింది. చిత్రమేమిటంటే, ఆ క్షణాన అతడికి నొప్పే తెలియలేదు. తనే దోనెను నెట్టి, కాలు లాక్కుని, "ఏం కాలేదే" అన్నాడు. ఎముక విరిగి బయటికి రావడం నూకాలమ్మే ముందు చూసింది. కాసేపటికి మొదలయ్యాయి కేకలు! ఆవిడ చూరుకింద గుడ్డ లాగి, నల్లమందు బెల్లంనీళ్ళలో కలిపి పట్టింది. ఏలూరు వెళ్ళే పడవలో అరుపులు తగ్గకపోతే మళ్ళీ పట్టింది.

దోనె పడ్డ సంగతి విని, ఆస్పత్రి డాక్టరుగారు సూది చేతబట్టుకుని అడిగారు. "నల్లమందు గానీ ఇచ్చావా అమ్మా? నిజం చెప్పు."

అవునంటే పోలీసులొస్తారేమో. అంతకన్నా, సూది మానేస్తారేమో, మావ ఇలాగే అరుస్తాడేమో!

"లేదండీ బాబూ, ఒట్టండీ," అంది.

మార్ఫియా సూది పడింది. కేకలు మూలుగులయ్యాయి, మూలుగులూ ఆగాయి. నూకాలమ్మ కనపడని దేవతలందరికీ దండం పెట్టుకుంది. ఆ సంబరం ఎంతసేపు! మొగుడి పెదాలు నల్లబడుతున్నాయి. రొమ్ము ఓసారి లేచాక మళ్ళీ లేవడానికి ఎంతో సేపు పడుతోంది. 

"ఇచ్చానండీ! రెండుసార్లు పట్టానండీ! నన్ను జైల్లో పెట్టండి, మావను బతికించండమ్మా!" అంటూ నర్సు సారమ్మ కాళ్ళమీద పడింది.

డాక్టరుగారు పరుగున వచ్చి, తిట్టాల్సినన్ని తిట్లు తిడుతూనే ఊపిరి నిలపడానికి ఇంకో సూది పొడిచారు.

"మెదడు అడుగున, మెడపైన, కాడలాంటి ముక్క ఉంది. ఊపిరిని నడిపేది అదే. నొప్పికి పగ్గం వేసేదీ ఆ చుట్టుపక్కలే ఉండొచ్చంటున్నారు. దోనె పడ్డప్పుడు నొప్పి తెలీలేదన్నావే, ఆ పగ్గమే అయ్యుండాలి. నీ నల్లమందూ, నా సూదీ ఒకే సరుకు. రెండూ కలిస్తే నొప్పితోపాటు ఊపిరినీ జోకొడతాయి."

"ఇప్పుడెలాగండీ?"

"ఈ సూది పనిచేసేదాకా ఊపిరి తియ్యమని చెబుతూ ఉండు. తనంతట తాను తియ్యడం మరిచిపోతాడు, చెబితే తీస్తాడు. తియ్యకపోతే గిల్లు. దానికీ లేవకపోతే విరిగిన కాలికి వేసిన ఆ కట్టు పక్కన నొక్కు. నొప్పి తగిలితే గాలి పీలుస్తాడు."

"అమ్మో, నావల్ల కాదండీ!"

"అయితే చూస్తూ కూర్చో."

సంతను అదిరించే ఆ నోరు వణికింది. "ఊపిరి తియ్యి మావా." తీశాడు. "తియ్యి మావా." తీశాడు. ఆ తరవాత పలకలేదు. గిల్లింది. కదల్లేదు. పెదాలు ఇంకా నల్లబడ్డాయి. ఆవిడ చెయ్యి కట్టు పక్కన ఆగిపోయింది. ముల్లు తియ్యలేని మనిషండీ! కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కేసింది.

సూర్రావు రొమ్మునిండా గాలి పీల్చి "అమ్మోయ్!" అని అరిచాడు.

"కేకెయ్యి మావా, ఇంకా కేకెయ్యి!" అంటూ ఆవిడా ఏడ్చింది. పొద్దు వాలేదాకా చెబుతూనే ఉంది, నొక్కుతూనే ఉంది. చివరికి సూర్రావు కళ్ళు తెరిచి, "చంపుతున్నావే, రాక్షసీ" అన్నాడు. సారమ్మ నవ్వింది. నూకాలమ్మకు నవ్వు రాలేదు.

సూర్రావు కుంటుకుంటూ చాలాకాలం బతికాడు. పెళ్ళాం తన విరిగిన కాలు నొక్కిందని సంతలో అందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆవిడ తిరిగి ఒక్క మాటా అనేది కాదు. పక్కన పడుకున్నవాడి గురక కాస్త ఆగిందా, చటుక్కున లేచి గిల్లేది. అతడు తిట్టేదాకా మళ్ళీ నడుం వాల్చేది కాదు.