మెదక్ చౌరస్తాలో పట్టపగటి థ్రిల్లర్

నా థ్రిల్లర్ పట్టపగలు పన్నెండున్నరకు మొదలవుతుంది. అందులో వాన లేదు, పిస్తోలు లేదు, చీకటి మెట్ల మీద టకటకమని నడిచే బూట్లు లేవు. ఒక ఆడమనిషి, ఒక సబ్బు బిళ్ల, గొడుగు కింద కూర్చున్న తాళాలాయన. అంతే. ఉన్నదంతా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల గురించి తర్వాత మూడు పేజీల ఫారం నింపమన్నారు, ఏమేం తప్పులు చేశావో ఒప్పుకొమ్మన్నారు. అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకోవడానికి ఇది రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే, వాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు. నేను హైదరాబాదులో సినిమా, టీవీ పనులు నేర్పే డిప్లొమాలో మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇవాళ బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి మళ్లీ బందు. హాస్టల్లో వంట కూడా ఆగిపోయేసరికి బ్యాగు సర్దుకుని ఇంటికి బయల్దేరాను. చేగుంట దాకా బస్సు దొరికింది, అక్కడి నుంచి మెదక్‌కు షేర్ ఆటో. బట్టలతో పాటు ఒక అసైన్‌మెంటు కూడా మోసుకొచ్చాను. క్లాసులో ప్రతి ఒక్కరూ ఒక థ్రిల్లర్ సినిమాకు మొదటి రెండు నిమిషాలు తీసి తేవాలి. సినిమా మొత్తం అక్కర్లేదు, మొదలు చాలు. ఆ మొదలును చూసి, దాని మీద మేము రాసిచ్చే ఫారం చదివి, రెండో సంవత్సరం డైరెక్షన్‌లోకి ఆరుగురిని తీసుకుంటారు. మిగిలినవాళ్లను సౌండుకో, ఎడిటింగుకో, వార్తలు చదవడానికో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తోసేస్తారు. ఆ ఆరు సీట్లలో ఒకటి నాకు కావాలి. ఏదో వస్తే బాగుండు అనుకోవడం కాదు, అన్నం సయించనంతగా కావాలి.

నా క్లాసువాళ్లంతా అపార్టుమెంట్ల సెల్లార్లలో కొత్త డిజిటల్ కెమెరాలు పెట్టుకుని తీస్తున్నారు. ఒకమ్మాయి ఫోన్ చేసి, "మీ ఊళ్లో చర్చి ఉంది కదే, అక్కడ తియ్యి, లేకపోతే కోట మీద" అని సలహా ఇచ్చింది. మెదక్ అంటే చర్చి, కాదంటే ఖిల్లా. ఆ రెండింటి మధ్య మేము కూరగాయలు బేరమాడుకుంటూ, చెప్పులు కుట్టించుకుంటూ, కరెంటు బిల్లు క్యూలో నిలబడుతూ బతుకుతున్నామని ఒక్కరికీ తోచదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రెండూ నా సినిమాలో కనబడకూడదని ఆ ఫోన్ పెట్టేయకముందే తీర్మానించుకున్నాను.

కథ మా చిన్నమ్మ నోట్లోంచి వచ్చింది. చిన్నమ్మ మా ఇంటి వెనక గదిలో జాకెట్లు కుడుతుంది. బీరువా తాళంచెవి విరిగిపోతే చౌరస్తాలో తాళాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి పోయింది. బీరువా మోసుకు రావాల్సిన పని లేదు, విరిగిన ముక్కలు రెండూ కలిపి సబ్బు మీద ఒత్తి ఆ అచ్చు తెస్తే చాలన్నాడట. ఇంటికొచ్చి సబ్బు వెతుక్కుంటూ ఆమె అన్న మాట ఇది: "సబ్బు మీద అచ్చు దీస్కపోతే ఎవలింటి తాళంచెయ్యైనా చేసిస్తడా గీయన? అడగడా ఎవలిదని?"

అడగడు. నా సినిమా అదే. ఒకామె సబ్బు బిళ్ల మీద అచ్చు తెచ్చిస్తుంది. ముసలాయన ఆకురాయితో తాళంచెవి అరగదీస్తూ ఉంటాడు. అరగదీస్తుండగానే చెయ్యి ఆగిపోతుంది. మొలతాడుకు కట్టుకున్న తన సొంత ఇంటి తాళంచెవి తీసి పక్కన పెట్టి చూస్తాడు. రెండూ ఒకటే. తలెత్తితే ఆమె చెయ్యి చాపి, "అయ్యిందా?" అని నవ్వుతుంది. అక్కడికి రెండు నిమిషాలు. ఆమెగా చిన్నమ్మే నటించింది, ముసలాయనగా ముసలాయనే. కెమెరా ముందు ఏం చేయాలి అని ఆయన అడిగాడు. రోజూ చేసేదే చెయ్యి తాతా అన్నాను.

కెమెరా మాత్రం మా గల్లీలో పెళ్లిళ్ల వీడియోలు తీసే ఒకన్న దగ్గర దొరికింది. భుజానికెత్తుకునే పెద్ద కెమెరా, అందులో టేపు. "రేపు పొద్దుగాల కౌడిపల్లిల పెండ్లుంది చెల్లె. ఇయ్యాల పగటీలి మొత్తం నీదే. మొదట్ల దేవుని ఫోటో పెట్టాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను. "పూలు రాలుతున్నట్టు?" అదీ వద్దన్నాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

ఆయన గురించి ఒక విషయం నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. మా దగ్గర పెళ్లి వీడియోలో చుట్టాలందరి మొహాలూ రావాలి. ఏ మేనత్త మొహమో రాలేదంటే అది చిన్న విషయం కాదు. వీడియో చూసిన రోజు మొదలయ్యే అలక ఇంకో పెళ్లి వచ్చేదాకా తీరదు. చివరికి తిట్లు తినేది వీడియో తీసినాయన. అందుకని ఈ అన్నకు ఒక అలవాటు పడిపోయింది. తలంబ్రాలు పోస్తున్నా సరే, కొంతసేపటికి కెమెరా పెళ్లికొడుకునూ పెళ్లికూతురునూ వదిలేసి, కూర్చున్నవాళ్ల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా పోయి, అందరినీ పలకరించి, మళ్లీ పీటల మీదికి వస్తుంది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. ఆయన చెయ్యి ఆయన్ను అడగదు.

ముసలాయన గొడుగుకు ఎదురుగా, రోడ్డుకు అటువైపు, రిలే నిరాహార దీక్షల టెంటు ఉంది. వకీళ్లు, టీచర్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, హవేలిఘనపూర్ వైపు నుంచి వచ్చిన రైతులు, నలభై మంది దాకా ఉన్నారు. మైకులో పాట, పాట ఆగితే నినాదం. నాకేమో ఆకురాయి చప్పుడు కావాలి. దాని మీదే నా సినిమా నడవాలి. రోడ్డు దాటి పోయి బతిమాలుకున్నాను. "జర రెండు నిమిషాలు సప్పుడు జెయ్యకుండ్రి. కాలేజీల సినిమా దీస్తున్న." సరే సరే అన్నారు. మైకు ఆపారు. కానీ నలభై మంది నోళ్లు ఎక్కడ ఆగుతాయి? ఏం సినిమా, హీరో ఎవరు, ఎవరి బిడ్డవు, అదంతా మొదలైంది.

ఆరోజు దీక్షలో కూర్చున్నవాళ్లలో రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన ఉన్నాడు, మెడలో పూలదండతో. "గట్ల అడిగితె ఆగరు బిడ్డా" అని మైకు అందుకున్నాడు. "అమరులకు మౌనం. అందరు లేవుండ్రి."

అందరూ లేచారు. తలలు వంచారు. అంతే, చౌరస్తా మొత్తం నిశ్శబ్దమైపోయింది. తెలంగాణ కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లలను తలుచుకుని నిలబడే మౌనం అది. ఆ రోజుల్లో ఎక్కడ నలుగురు పోగైనా నిలబడేవాళ్లు. నా అసైన్‌మెంటు కోసం చచ్చిపోయినవాళ్లను వాడుకున్నట్టయింది కదా అని పోస్ట్‌మ్యాన్ పెద్దాయన వైపు చూశాను. ఆయన తల ఎత్తకుండానే మెల్లగా అన్నాడు: "ఎట్లైనా నిలవడేటోళ్లమే. పొద్దటిసంది నిలవడలే. నువ్వు నీ పని జేస్కో."

పరుగెత్తుకొచ్చి కానీయండని చెయ్యి ఊపాను. చిన్నమ్మ సబ్బు ఇచ్చింది. ముసలాయన ఆకురాయి అందుకున్నాడు. కర్, కర్, కర్. నేను కళ్లార్పకుండా వాళ్లిద్దరినే చూస్తున్నాను. చిన్నమ్మ "అయ్యిందా?" అనేసరికి చాలని చెయ్యి ఎత్తాను. సీటు నాదే అనుకుంటూ వెనక్కి తిరిగి, కెమెరాలో ఉన్న చిన్న తెర మీద టేపు తిప్పి చూశాను. మధ్యలో ముసలాయన లేడు. ఆకురాయి చప్పుడు మీద కెమెరా రోడ్డు దాటి పోయింది. వంగిన తలల మీదుగా ఒక్కొక్కరినీ తడుముతూ టెంటు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్లి, ముసలాయన తాళంచెవులు రెండూ పక్కపక్కన పెట్టేవేళకు తిరిగి వచ్చింది.

"అన్నా, నిన్ను సబ్బు దియ్యమంటి గదా. గీ మందినెవలు దియ్యమన్నరు?"

"గంతమంది నిలవడ్డరు చెల్లె. ఒక్కల మొఖం గూడ రాకపోతే మంచిగుంటదా?"

"ఇదేమన్న పెండ్లా? సినిమా. నీకు సినిమా అంటే దెల్వదు."

అందరి ముందే అన్నాను. ఆయన కెమెరాకు మూత పెట్టుకున్నాడు. మౌనం అప్పటికే అయిపోయింది, మైకులో పాట మొదలైంది, రమ్మంటే మళ్లీ వచ్చేది కాదు ఆ మౌనం. మర్నాడు ఆయన కౌడిపల్లి పెళ్లికి పోయాడు.

రెండు రోజుల తర్వాత ఆయన షాపులోనే మిక్సింగ్‌కు, అంటే ఎడిటింగుకు, కూర్చున్నాను. ఆ జనం ఉన్న ముక్కను కోసేయడానికే కూర్చున్నాను, అబద్ధమెందుకు. కోశాను. చూశాను. శుభ్రంగా ఉంది, తాళాల కంపెనీ యాడ్‌లాగా. ముసలాయన తలెత్తాడు, చిన్నమ్మ నవ్వింది, నాకు ఏమీ కాలేదు. కోసింది మళ్లీ అతికించి చూశాను. పట్టపగలు, నలభై మంది ఎదురుగా, ఒకామె ఒకరి ఇంట్లో దూరడానికి తాళంచెవి చేయించుకుంటోంది. అందరూ అక్కడే ఉన్నారు. ఒక్కరి తలా పైకి లేవదు. దుఃఖంలో ఉన్నవాళ్ల ముందు ఎంత దొంగతనమైనా చేయొచ్చు. నాకు నడివీపులో చలి పుట్టింది. పక్కనే కూర్చుని టీ తాగుతున్న అన్నకు ఆ సంగతి చెప్పాలి. నేను నోరు విప్పలేదు. నా పొగరు అది. ఆ షాటును ఉంచేశాను, ఆయనకు ఒక్క మంచి మాట చెప్పకుండా హైదరాబాదు బస్సు ఎక్కేశాను.

క్లాసులో నా రెండు నిమిషాలు వేశారు. టెంటు రాగానే వెనక ఎవరో "మధ్యలో న్యూస్ కలిసిపోయింది" అన్నారు. నవ్వులు. డైరెక్షన్ నేర్పే సార్ నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు, పని నేర్పిన మనిషి. క్లాసయ్యాక తన గదికి పిలిచాడు.

"సబ్బు, తాళంచెవి, ఆవిడ చెయ్యి చాపడం చాలా బాగున్నాయమ్మా. కానీ ఈ జనం ఎవరు? వీళ్లకూ కథకూ ఏంటి సంబంధం?"

"వాళ్ల చౌరస్తా సార్ అది. వాళ్ల కళ్ల ముందు జరుగుతుంటే వాళ్లకు సంబంధం లేకపోవడం ఏంటి?"

"అలా అనుకునే తీశావా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "లేదు సార్. కెమెరా అన్న అలవాటు కొద్దీ తీశాడు."

"అయితే అది తప్పే కదా. అదే రాయి ఫారంలో. పెళ్లిళ్లు తీసేవాణ్ణి తెచ్చుకున్నాను, అతనికి పని తెలియదు, మళ్లీ తీస్తే ఈ షాటు ఉండదు. తన తప్పు తాను పట్టుకోగలిగినవాళ్లే డైరెక్టర్లవుతారు. ఇది రాస్తే ఆరో సీటు నీకే ఇవ్వగలను."

హాస్టల్లో మంచం మీద కూర్చుని ఫారం నింపాను. చివరి పేజీలో ప్రశ్న: మళ్లీ తీస్తే ఏం మారుస్తారు? 'పెళ్లిళ్ల వీడియోలు తీసే వ్యక్తి' అని మొదలుపెట్టాను. ఇంకో మూడు మాటలు రాస్తే చాలు, సీటు నాది. పైగా సార్ రాయమన్నది నిజమే, అది పొరపాటుగానే వచ్చిన షాటు. అయినా చెయ్యి కదల్లేదు. ఎవరి చేతి వల్ల నా సినిమాకు ప్రాణం వచ్చిందో ఆ చేతికి పని తెలియదని నా చేత్తో రాసి సీటు ఎక్కాలా? రాసింది కొట్టేసి కింద ఇలా రాశాను: 'మా కెమెరామన్‌ను అందరి ముందు నీకు సినిమా తెలియదన్నాను. ఆ మాట మారుస్తాను. సినిమాలో ఏదీ మార్చను.'

సార్ రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి, "సీటు పోతుందని తెలిసే రాశావా?" అని అడిగాడు. తెలుసు సార్ అన్నాను. మర్నాడు బోర్డు మీద ఆరు పేర్లలో నాది లేదు. నన్ను సౌండులో వేశారు. ఏడ్చావా అని అడిగితే, ఏడ్చాను, దిండు తడిసేలా ఏడ్చాను. ఏడ్చినంత మాత్రాన నేను రాసింది తప్పయిపోదు. ఈ రోజుకీ సౌండు పనే చేసుకుని బతుకుతున్నాను. ఆ ఫారం మళ్లీ ఇచ్చినా అదే రాస్తాను.

బోర్డు మీద పేర్లు చూసిన సాయంత్రం కెమెరా అన్నకు ఫోన్ చేశాను. ఆ రోజు నేనన్న మాటకు క్షమించమన్నాను. ఆయన నవ్వి, గదెప్పుడో మర్శిన చెల్లె అన్నాడు. తర్వాత సీటు సంగతి, సార్ రాయమన్నది, నేను రాసింది, అంతా చెప్పాను.

"తప్పు నాదే అని రాయకపోయినవా? నాకేం బోతుండె? ఆడ నన్ను ఎర్కవట్టెటోడు ఒక్కడన్న ఉన్నడా?"

"గందుకే రాయలేదన్నా" అన్నాను.