నొప్పి తెలియని కాలు

ఆ రోజు మా చెరకు తోటలో కోత మూడో రోజు. మాది రెంజల్ దగ్గర ఒక ఊరు. గడలను మోపులు కట్టి ట్రాక్టరు దాకా మోసి, చీకటి పడకముందే ఇంటికి వచ్చాను. చెప్పులు గడప బయట విడిచి, లోపలికి వెళ్లి చెంబెడు నీళ్లు తాగుతుంటే వెనక నుంచి నా భార్య రాజమణి పిలిచింది.

“శిరీష బాపూ, గీ నెత్తురు ఏడికెల్లి వచ్చింది?”

శిరీష మా బిడ్డ, నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. రాజమణి నన్ను ఎప్పుడూ అలాగే పిలుస్తుంది. వెనక్కి తిరిగి చూశాను. గడప నుంచి నేను నిలబడ్డ చోటు వరకు బండల మీద ఎర్రటి అడుగులు. అన్నీ కుడికాలివే.

మంచం మీద కూర్చుని కాలు ఎత్తి చూసుకున్నాను. అరికాలిలో, రెండో వేలి మొదట్లో చెరకు మోడు ముక్క ఒకటి దిగి ఉంది. కోత అయ్యాక నేలలో మిగిలే మోళ్లు కత్తి మొనల్లా ఉంటాయి. అది చెప్పును చీల్చుకొని లోపలికి పోయింది. రాజమణి పట్టుకొని లాగితే అంగుళం ముక్క బయటికి వచ్చింది.

“నొస్తలేదా?”

“లేదు.”

“జరంత గూడ?”

ఆ ముక్కను వేళ్లతో తిప్పి చూశాను. తోట నుంచి ఇంటికి కిలోమీటరు పైనే ఉంటుంది. ఆ ముక్కను కాలిలో పెట్టుకొని అంత దూరం నడిచి వచ్చాను. నెత్తురు చూసి నాకు భయం వేయలేదు. నొప్పి లేకపోవడం చూసి వేసింది.

ఎందుకు లేదో లోలోపల నాకు తెలుసు. మా బాపుకు షుగర్ ఉండేది. ఆయన కాలు మోకాలి కింద తీసేశారు. ఆ తర్వాత ఏడాదిన్నరకే పోయాడు. ఆయన కట్లు మార్చింది నేనే. అందుకే ఎవరైనా షుగర్ మాట ఎత్తితే అక్కడి నుంచి లేచి పోయేవాణ్ణి.

దాచకుండా చెప్తాను. అప్పటికి రెండేళ్లుగా నాకు గొంతు ఆరిపోతోంది. గంటకోసారి మూత్రానికి వెళ్తున్నాను. ప్యాంట్లు వదులయ్యాయి. తోట గట్టు మీద నేను మూత్రం పోసిన చోట చీమలు పట్టడం ఒకసారి చూశాను. మరునాటి నుంచి ఆ పక్కకు వెళ్లడం మానేసి ఇంకో గట్టుకు పోయాను. అక్కడ చీమలు వచ్చాయో లేదో తిరిగి చూడలేదు. పంచాయతీ దగ్గర ఉచితంగా షుగర్ పరీక్షలు చేసిన రోజు రాజమణి వెళ్లి వేలు చూపించుకొని వచ్చింది. నేను మోటారు చెడిపోయిందని అబద్ధం చెప్పి తోటకు పోయాను.

ఆ రోజుల్లో అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి. తడిగుడ్డ చుట్టుకొని కూర్చునేవాణ్ణి. కొన్నాళ్లకు మంట దానంతట అదే తగ్గిపోయింది. నయమైందని సంతోషించాను. తగ్గింది మంట కాదని, నరాలకు స్పర్శ పోయిందని తర్వాత డాక్టర్లు చెప్పారు.

ఊళ్లో టీటీ ఇంజెక్షన్ చేయించుకొని, కట్టు కట్టించుకొని మళ్లీ తోటకు వెళ్లాను. నొప్పి లేదు కదా. నాలుగో రోజుకు పాదం ఉబ్బి చెప్పులో పట్టలేదు. చలిజ్వరం వచ్చింది. కట్టు విప్పితే వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. రాజమణికీ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

బోధన్‌లో దవాఖానకు పోయాం. డాక్టరమ్మ ముందుగా నా వేలు గుచ్చి రక్తపు చుక్క తీసింది. మిషన్‌లో 412 అని వచ్చింది.

“షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉంది?”

“నాకు లేదు మేడం.”

“ఉంది. మీరు చూపించుకోలేదు, అంతే.” ఆమె గొంతు పెంచలేదు. పాదం వంక కాసేపు చూసి కాగితం రాసింది. “నిజామాబాద్ వెళ్లండి. ఇవాళే వెళ్లాలి. రేపు కాదు.”

నా తమ్ముడు సాయిలు బోధన్‌లో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. వాడు ఆటో మాట్లాడుకొని వచ్చాడు. దారి పొడుగునా నేను బయట రోడ్డు మీద నడిచేవాళ్ల కాళ్లు చూస్తూ కూర్చున్నాను.

నిజామాబాద్‌లో అడ్మిట్ చేసుకున్నారు. ఎక్స్‌రే, డాప్లర్, రక్తపరీక్షలు అయ్యాయి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ 11.8 వచ్చింది, ఏడు దగ్గర ఉండాలట. ఇన్సులిన్ మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఒక నర్సమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

“అన్నా, కళ్లు మూసుకో. సన్నటి నైలాన్ పోగు నీ పాదాలకు తాకిస్త. తాకినప్పుడల్లా ‘ఆఁ’ అను.”

కళ్లు మూసుకున్నాను. పక్క మంచం మీద ముసలాయన దగ్గుతున్నాడు. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఎంతసేపటికీ ఆమె మొదలుపెట్టడం లేదు.

“ఎప్పుడు తాకిస్తవమ్మా?”

“అయిపోయిందన్నా. రెండు పాదాలకూ పది చోట్ల తాకించిన.”

కళ్లు తెరిచాను. కాళ్ల దగ్గర నిలబడి అంతా చూసిన రాజమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. నా కాళ్లు నాకు కనిపిస్తున్నాయి. కానీ అవి నావి కావన్నట్టు అనిపించింది. ఆ రోజు పుట్టిన భయం వంటిది అంతకు ముందు నేను ఎరగను.

సాయంత్రం సర్జన్ వచ్చారు. “డాప్లర్‌లో చూస్తే కాలికి రక్తం బాగానే పోతోంది. అది మంచి విషయం. చీము పట్టినదంతా తీసేస్తాం. కానీ ఎముకకు ఇన్ఫెక్షన్ పాకినట్టుంది. కాలు నిలుస్తుందని ఇప్పుడే మాట ఇవ్వలేను.”

సంతకాల కాగితం తెచ్చారు. రాజమణికి చదవడం రాదు. సాయిలు చదువుతూ ఒకచోట ఆగిపోయాడు.

“ఎందాక తీస్తమని రాసిండ్రు?” అని అడిగాను.

“అవసరమైతేనే అని రాసిండ్రు అన్నా,” అన్నాడు. ఎందాక అనేది చెప్పలేదు.

మొదటి ఆపరేషన్ అయ్యాక రోజూ పొద్దున డ్రెస్సింగ్ చేసేవారు. నేను కాలు చూసేవాణ్ణి కాదు, డాక్టరు మొహం చూసేవాణ్ణి. మూడో రోజు ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. రెండో వేలు నల్లబడింది.

“వేలు పోనిద్దాం గంగారాం. దాన్ని కాపాడాలని చూస్తే పాదం పోతుంది.”

రెండోసారి లోపలికి తీసుకెళ్లారు. నడుముకు మత్తు ఇచ్చారు. వార్డుకు తెచ్చాక నడుము కింద ఏదీ తెలియడం లేదు. తల ఎత్తవద్దన్నారు. దుప్పటి కింద ఏముందో నాకు తెలియదు. పక్కన శిరీష కూర్చుని ఉంది.

“సూడు బిడ్డా. కాలు ఉన్నదా?”

ఆమె దుప్పటి ఎత్తి చూసింది. “ఉన్నది బాపూ. నాలుగు వేళ్లు గూడ ఉన్నయి.”

అప్పుడు ఏడ్చాను. మా బాపు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఇంటికి వచ్చాక భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, రూపం మార్చుకుంది. కాలు నేల మీద మోపకుండా వారాల తరబడి మంచం మీదే ఉన్నాను. ఏది తిన్నా షుగర్ పెరుగుతుందని, కాలు పోతుందని అనిపించేది. ఒకరోజు పొద్దున ఇన్సులిన్ వేసుకొని, రెండు ముద్దలు తిని పళ్లెం తోసేశాను. పదకొండు గంటలకు చెమటలు కారిపోయాయి. చేతులు వణికాయి. మాట తడబడింది. రాజమణి పరుగున వచ్చి వేలు గుచ్చి చూస్తే 48 ఉంది. గ్లాసు నీళ్లలో చక్కెర కలిపి నోటి దగ్గర పెట్టింది. చక్కెర అని తెలిసి మొహం తిప్పుకున్నాను.

“తాగు. గిప్పుడు గిదే మందు. నర్సమ్మ సెప్పింది నాకు యాదికున్నది.”

బలవంతంగా తాగించింది. పావుగంటకు తేరుకున్నాను. తర్వాత చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు కోప్పడ్డారు. “షుగర్ ఎక్కువైతే నెలల్లో దెబ్బ తీస్తుంది. తక్కువైతే నిమిషాల్లో. ఇన్సులిన్ వేసుకుంటే తినాల్సిందే. టైముకు తిను, కొలతగా తిను. పస్తులుండొద్దు.”

పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. బోధన్‌లో చెప్పులు కుట్టే యూసుఫ్ భాయ్ నా పాదం కొలత తీసుకొని, లోపల మెత్తటి అట్ట వేసి బూట్లు కుట్టి ఇచ్చాడు. ఆయనకూ ఇరవై ఏళ్లుగా షుగర్ ఉందట. “కాలు పెట్టే ముందు బూటుల చెయ్యి పెట్టి సూడు భాయ్. రాయి ఉంటే కాలుకు తెల్వది, చేతికి తెలుస్తది,” అన్నాడు. అప్పటి నుంచి అలాగే చేస్తున్నాను.

ఇప్పుడు హెచ్‌బీఏవన్‌సీ 7.2 దగ్గర ఉంది. రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటాను. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నాను. ఏడాదికోసారి కళ్లు, కిడ్నీలు చూపించుకుంటాను. కంటి వెనక చిన్న చుక్కలు ఉన్నాయని, పెరగకుండా చూసుకోమని చెప్పారు. రోజూ స్నానం అయ్యాక నేల మీద అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. నాకు సరిగా కనిపించకపోతే రాజమణి చూస్తుంది. తోటకు వెళ్తాను కానీ కోత అయిన చోట అడుగు పెట్టను.

మీ అన్నదమ్ములు కూడా పరీక్ష చేయించుకోవాలని డాక్టరు మొదట్లోనే చెప్పారు. సాయిలు ఈ వారం, ఆ వారం అంటూ నెలలు గడిపాడు. వాడు చెప్పే సాకులన్నీ ఒకప్పుడు నేను చెప్పినవే. ఈ మధ్య ఒకరోజు మా ఇంటికి వచ్చి కూర్చున్న అరగంటలో మూడు గ్లాసుల నీళ్లు తాగాడు. మరునాడు పొద్దున వాణ్ణి ఏమీ తిననివ్వకుండా నేనే ల్యాబుకు తీసుకెళ్లాను. బయట బల్ల మీద కూర్చుని లోపలికి రానన్నాడు. వాడి వయసు నలభై ఒకటి.

“అన్నా, ఉన్నదని తేలితే?”

“తేలకుంటే గూడ ఉంటది తమ్మీ.”

వాడు నా బూట్ల వంక చూశాడు. తర్వాత లేచి లోపలికి పోయి చేయి చాపాడు. ఫాస్టింగ్ 164 వచ్చింది. ఇంకో పరీక్ష చేసి షుగర్ అని ఖాయం చేశారు. కళ్లకు, కిడ్నీలకు, కాళ్లకు ఇంకా ఏమీ కాలేదు. మాత్రలు ఇచ్చారు, రోజూ నడవమన్నారు.

మీ ఇంట్లో అమ్మకో, నాన్నకో, తోబుట్టువుకో షుగర్ ఉంటే, ఒంట్లో ఏ బాధా లేకపోయినా ఒకసారి రక్తం చూపించుకోండి. భయం పోయాక వెళ్దామని ఆగకండి. భయపడుతూనే వెళ్లండి. నేను ఇప్పటికీ అలాగే వెళ్తున్నాను.